పసుపు కార్డుల వరుస

లీదియాది రాచర్ల. పదకొండేళ్లపాటు ఆ ఊళ్లో సర్కారు బడి పిల్లలకు మధ్యాహ్న భోజనం వండింది. ఆమె చారు కాస్తుంటే నాలుగో పీరియడ్‌లో పిల్లలకు పాఠం తలకెక్కేది కాదని టీచర్లు నవ్వేవారు. వచ్చే డబ్బులు తక్కువ, అవీ మూడు నాలుగు నెలలకొకసారి వచ్చేవి. అయినా ఆ పనిని ఆమె ఏనాడూ చిన్నగా చూడలేదు.

ఎబినేజర్ అదే ఊళ్లో, అదే చర్చిలో పెరిగినవాడు. బీఈడీ చేసి కొన్నాళ్లు ఒంగోలులో పనిచేసి, తిరిగి వచ్చి గిద్దలూరులో సొంతంగా ఇంగ్లీషు మీడియం బడి పెట్టాడు. రెండో ఏడాదికే పిల్లలు నాలుగు వందలు దాటారు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక అతను నేరుగా లీదియా ఇంటికి వచ్చాడు. కుర్చీ వేయబోతే వద్దని నులకమంచం మీదే కూర్చున్నాడు. బడిలో వంట మనిషి నిలవడం లేదని, పిల్లలు సగం అన్నం పారబోస్తున్నారని చెప్పాడు. లీదియా చేతి వంట తిని పెరిగిన పిల్లలు ఈ ఊళ్లో ఎంతమందో తనకు తెలుసన్నాడు.

"జీతం గొప్పగా ఇయ్యలేను చెల్లీ. కృపను మాత్రం మా బడిలో చేర్పియ్యి. దాని చదువూ, మధ్యాహ్నం అన్నం నేను చూసుకుంటా. నా ఇంటి బిడ్డ అనుకో."

కృప లీదియాకు ఒక్కతే కూతురు. అప్పుడు ఐదో తరగతి. ఎబినేజర్ ఆ పిల్ల తల మీద చేయి పెట్టి ప్రార్థన చేశాడు. ప్రార్థనలో పేరు పెట్టి మరీ ఆమె చదువు కోసం వేడుకున్నాడు. లీదియా కళ్లు మూసుకుని ఆమెన్ అంది. ప్రార్థన చేసి ఇచ్చిన మాటకు కాగితం రాయించుకోవాలని ఎవరికి తోస్తుంది?

సర్కారు బడి పని వదిలేసింది. దాన్ని వెంటనే ఇంకొకామె అందుకుంది. ఆ నెలలోనే ఎబినేజర్ ఇంకో మేలు కూడా చేశాడు. లీదియా భర్త ఆనంద్ బాబుకు ఆటో ఉంది. రాచర్ల వైపు నుంచి వచ్చే పిల్లలను తీసుకొచ్చి దింపే పని అతనికి ఇచ్చాడు. అప్పటిదాకా బస్టాండులో ఆటోల సీరియల్‌లో తన వంతు కోసం ఎండలో నిలబడే మనిషికి నెల తిరిగేసరికి ఖాయంగా డబ్బు రావడం మొదలైంది. ఎబినేజర్ పేరు ఎత్తితే ఆ ఇంట్లో అందరి గొంతులూ మెత్తబడేవి.

లీదియా ఆ బడికి నాలుగేళ్లు వండింది. మొదట్లో వంటిల్లు రేకుల షెడ్డు, పొయ్యి కట్టెలది. వాన పడితే కట్టెలు తడిసి పొగకు కళ్లు కనపడేవి కావు. ఆమె ఆరింటికల్లా వచ్చి పొయ్యి వెలిగించేది. ఆడబిడ్డ పెళ్లి రోజు కూడా పొద్దున్నే వచ్చి అన్నం వార్చి, పప్పు మెదిపి, సాయం చేసేవాళ్లకు అప్పజెప్పి, ఆ తర్వాతే పెళ్లికి పోయింది. ఇంట్లో అన్నా అని పిలిచే మనిషిని బడిలో సార్ అని పిలవడం అలవాటు చేసుకుంది. అలా పిలవమని అతనే నవ్వుతూ చెప్పాడు, మిగతా వాళ్ల ముందు బాగుండదని.

ఈ ఏడాది జూన్‌కు కొత్త భోజనశాల లేచింది. గ్రానైట్ బల్లలు, గ్యాస్ పొయ్యిలు, గోడకు ఫ్యాన్లు. బ్యాంకు లోను తీసుకుని కట్టారు. బడి తెరిచిన వారానికి ఎబినేజర్ సిబ్బందినంతా కూర్చోబెట్టి కొత్త పద్ధతి చెప్పాడు. మధ్యాహ్నం బడిలో తినే పిల్లలకు ఇకనుంచి కార్డులు ఉంటాయి. భోజనం డబ్బులు కట్టిన వాళ్లకు ఆకుపచ్చ కార్డు. రెండు నెలలు బాకీ పడితే పసుపు కార్డు. పసుపు కార్డు పిల్లలు వేరే వరుసలో వస్తారు. వాళ్లకు అన్నం, మజ్జిగ. కూరా, గుడ్డూ ఉండవు. ఎవరినీ ఆకలితో పంపడం లేదని, ఇది శిక్ష కాదని, ఇంట్లో వాళ్లకు గుర్తు చేయడానికేనని అతను అన్నాడు. పెద్దవాళ్లు ఫోన్ ఎత్తరు గానీ బిడ్డ ఏడిస్తే వస్తారని కూడా అన్నాడు.

లీదియాకు అది బాగా అనిపించలేదు. అయినా సార్ ఆలోచించే చెప్పి ఉంటాడని సర్దుకుంది. కట్టేవాళ్లు కట్టకపోతే బడి ఎట్లా నడుస్తుంది అని సాయం చేసే ఆడవాళ్లతో తనే అంది.

మొదటి పసుపు వరుసలో నలభై మంది దాకా వచ్చారు. అందులో నాగజ్యోతి ఒకతి. ఏడో తరగతి పిల్ల, రాచర్ల పక్కన పల్లెలో గొర్రెలు కాసే పాపయ్య కూతురు. పాపయ్య మేత కోసం మందను నల్లమల అంచుకు తోలుకుపోతే నెలల తరబడి ఇంటి ముఖం చూడడు. పొట్టేళ్లు అమ్మినప్పుడు ఒకేసారి వచ్చి కట్టిపోతాడు. ఆ సంగతి బడిలో అందరికీ తెలుసు. నాగజ్యోతి కూడా ఆనంద్ బాబు ఆటోలోనే వస్తుంది. కృప పక్కనే కూర్చుంటుంది.

ఆ రోజు సోమవారం, గుడ్డు ఇచ్చే రోజు. నాగజ్యోతి అన్నం పెట్టించుకున్నాక అలవాటుగా పళ్లెం గుడ్ల గిన్నె వైపు చాపింది. లీదియా గరిటె పక్కకు తీసింది. పిల్ల ఇంకా అర్థం కాక అట్లాగే నిలబడింది. వెనక వరుస ఆగిపోయింది. పీఈటీ సారు చూస్తున్నాడు.

"మీ నాయనకు చెప్పు, వచ్చి కట్టమను. జరుగు," అంది లీదియా.

అందరికీ వినబడేలాగే అంది. నాగజ్యోతి పళ్లెం దగ్గరికి తీసుకుని వెళ్లి గోడవైపు తిరిగి కూర్చుంది. ఆకుపచ్చ వరుసలో కృప నిలబడి ఉంది. ఆమె చేతిలో గుడ్డు పడిన పళ్లెం ఉంది. లీదియా అది గమనించలేదు.

తర్వాత తర్వాత చేయి అలవాటు పడింది. పసుపు వరుస రాగానే ముఖాలు చూడకుండా పళ్లేలు చూసి పెట్టడం నేర్చుకుంది.

దసరా సెలవుల తర్వాత బడి తెరిచారు. ఇకనుంచి తొమ్మిది, పదో తరగతుల వాళ్లను చివర తినమన్నారు. అప్పటికి లీదియా గుండిగలు తోమించే పనిలో వెనక వైపు ఉంటుంది, వడ్డన సాయం చేసేవాళ్లు చూసుకుంటారు. కాబట్టి కృప తిందో లేదో ఆమె కళ్లారా చూడడం లేదు. సాయంత్రం ఇంటికి పోయాక మాత్రం ఆ పిల్ల పుస్తకాల సంచి దించీ దించకముందే అన్నం గిన్నె మూత తీసేది. రెండోసారి, మూడోసారి పెట్టించుకునేది. ఎదిగే వయసు కదా అని లీదియా సంతోషపడింది. ఒక ముద్ద ఎక్కువే పెట్టింది.

మూడు వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం లీదియా కుళాయి దగ్గర నిలబడి ఉండగా నాగజ్యోతి వచ్చింది. ఆ సోమవారం తర్వాత ఆ పిల్ల ఆమెతో మాట్లాడలేదు. ఇప్పుడు కూడా ముఖంలోకి చూడకుండా, గ్లాసు కడుగుతున్నట్టు వంగి చెప్పింది.

"పెద్దమ్మా, కృపక్క అన్నం తినట్లే. సెలవులు అయిపోయినకాణ్ణుంచీ. సైకిళ్ల కాడ కూసుంటాది. నా దాంట్లో సగం ఇస్తే కూడా తీసుకోదు."

లీదియా చేతిలోని పీచు అక్కడే పడేసి వెళ్లింది. సైకిళ్ల షెడ్డు చివర, ప్రహరీ నీడలో కృప సైన్సు పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. తల్లిని చూడగానే పుస్తకం మూసింది. లీదియా ఆ పుస్తకం లాక్కుని తెరిచింది. మధ్య పేజీల్లో పసుపు కార్డు ఉంది, దాని మీద కృప పేరు, తొమ్మిదో తరగతి, కింద ఆఫీసు ముద్ర.

ఎవరో పొరపాటుగా ఇచ్చి ఉంటారని ముందు అనుకుంది. అదే మాట అంది. పొరపాటైతే వచ్చి తనకు చెప్పాలి గదా, ఇట్లా కడుపు మాడ్చుకుని కూర్చోవడం ఏందని కోప్పడింది.

కృప నేల చూస్తూ అంది.

"నీకు చెప్పి నీ వరుసలోకి రమ్మంటావా? నాగజ్యోతికి తీసినట్టు నాకూ గరిటె పక్కకు తీస్తే, నేను యాడికి పోవాల? తీయకుండా పెడితే, దాని ముందర నేనెట్ల తినాల?"

లీదియా కార్డు పట్టుకుని ఆఫీసుకు నడిచింది.

ఆఫీసులో లెక్కలు రాసే హేమలత మేడం ఒక్కతే ఉంది. నెమ్మదైన మనిషి, ఎవరి జోలికీ పోదు. లీదియా చేతిలో కార్డు చూసి ముందు తలుపు వైపు చూసింది. తర్వాత అల్మారాలోంచి ఫైలు తీసి ఒక కాగితం తిప్పి చూపించింది. టైపు చేసిన కాగితం. కృప నాలుగేళ్ల భోజనం ఖర్చు తాము బాకీ ఉన్నామని, దాన్ని నెలనెలా తీరుస్తామని అందులో ఉంది. తేదీ జూన్ నెలది. కింద ఆనంద్ బాబు సంతకం. అతను ‘ద’ అక్షరం దగ్గర ఎప్పుడూ కొంచెం తడబడతాడు. ఆ తడబాటు కూడా అక్కడే ఉంది.

"నీకు తెలుసనుకున్నా అక్కా. రెండు నెలలు కట్టినాడు, తర్వాత కట్టలా," అంది హేమలత.

ఎబినేజర్ అప్పుడే లోపలికి వచ్చాడు. కాగితం చూశాడు, విషయం అర్థమైంది. హేమలతను బయటికి పంపలేదు, లీదియాను కూర్చోమనీ అనలేదు. కొత్త భోజనశాల లోను గురించి, బియ్యం ధర గురించి, ఒకరికి వదిలేస్తే పదిమంది అడుగుతారన్న సంగతి గురించి శాంతంగా చెప్పాడు. లీదియా అంతా విన్నది.

"మీరు చదువూ అన్నం రెండూ అన్నారన్నా. మా ఇంట్లో, మంచం మీద కూసోని అన్నారు," అంది. బడిలో అతన్ని అన్నా అని పిలవడం నాలుగేళ్లలో అదే మొదటిసారి.

"చదువు ఫీజు ఎప్పుడన్నా అడిగినానా? అన్నం సంగతి చూసుకుంటా అన్నా. ఊరికే పెడతా అన్లేదు గదమ్మా." అతను కుర్చీలో కూర్చుంటూ ఇంకో మాట చేర్చాడు. "అయినా ఆనంద్ బాబుకు జూన్‌లోనే చెప్పినా. ఇంటాయనకు చెప్తే నీకు చెప్పినట్టే."

ఆ రోజు మిగిలిన పని ఆమె ఎట్లా చేసిందో ఆమెకే తెలియదు. సాయంత్రం ఆనంద్ బాబు ఆటోలో పిల్లలందరినీ దింపాక ఇంటి ముందు బండి ఆపాడు. కృప దిగి లోపలికి పోయింది. లీదియా దిగలేదు. వెనక సీట్లో కూర్చునే కాగితం సంగతి అడిగింది.

అతను హ్యాండిల్ వదలకుండానే చెప్పుకొచ్చాడు. జూన్ మొదటి వారంలో ఎబినేజర్ పిలిపించాడు. లోను వాయిదాలు మొదలవుతున్నాయని, అందరి బాకీలూ రాసుకుంటున్నామని అన్నాడు. సంతకం పెట్టకపోతే ఆటో పని ఇంకొకరికి ఇస్తానని నోటితో అనలేదు గానీ, గిద్దలూరులో ఎవరో వ్యాను కొన్నాడని, పిల్లలను తెచ్చే పని అడుగుతున్నాడని అన్నాడు. ఆనంద్ బాబుకు ఆ మాట చాలింది. ఆటో డబ్బుల్లోంచే నెమ్మదిగా కట్టేయవచ్చనుకున్నాడు. లీదియాకు చెబితే పోయి గొడవ పడుతుందని, వంట పనీ బండి పనీ రెండూ పోతాయని భయపడ్డాడు. రెండు నెలలు కట్టాక బండికి ఇంజన్ పని వచ్చింది.

లీదియా ఒక్కటే అడిగింది.

"కార్డు ఇచ్చినారని కృప నీకు చెప్పిందా?"

అతను అద్దంలోంచి కూడా ఆమెను చూడలేదు. "చెప్పింది."

"ఎప్పుడు?"

"ఇచ్చిన దినమే."

"నువ్వేమన్నావు?"

"మీ అమ్మకు చెప్పొద్దన్నా. నెల లోపల కట్టేస్తా అన్నా. అది అన్నం మానేస్తాదని నాకు తెల్దు లీదియా."

తెలియదన్నది నిజమే కావచ్చు. లీదియా దాన్ని కాదనలేదు. కానీ మూడు వారాలపాటు సాయంత్రం ఇంటికి వచ్చేటప్పుడు ఈ ఆటోలోనే తను ముందు అతని పక్కన, కృప వెనకా కూర్చున్నారు. ఎబినేజర్ సార్ ఎంత మంచివాడో తను చెప్తుంటే అతను ఊఁ కొట్టాడు. కూతురు వింటూ కూర్చుంది. బండిలో ఉన్న ముగ్గురిలో ఇద్దరికి తెలుసు, తనకు తెలియదు. బండి దిగి, కొంగు బిగించుకుని లోపలికి పోయింది. ఆనాటినుంచి భర్తతో అవసరమైన మాట తప్ప మాట్లాడలేదు.

తర్వాతి సోమవారం లీదియా మామూలుగానే ఆరింటికి బడికి వెళ్లింది. స్టోరులో గుడ్లు లెక్కపెట్టి ఇస్తారు, ఆకుపచ్చ కార్డులు ఎన్నో అన్ని. ఎప్పుడూ ఉడకబెట్టి ఒలిచి పెట్టే గుడ్లను ఆ రోజు ఆమె ఉడకబెట్టలేదు. ఉల్లిపాయలూ పచ్చిమిరపకాయలూ సన్నగా తరిగించి, గుడ్లన్నీ పగలగొట్టి పెద్ద మూకుడులో పొరుటు చేసింది. సాయం చేసేవాళ్లు ఎందుకని అడిగితే ఈ రోజు ఇదే అంది. వడ్డనకు తనే నిలబడింది. ఆకుపచ్చ వరుసకూ పసుపు వరుసకూ ఒకే గరిటెతో, గరిటెడేసి పెట్టింది. పీఈటీ సారు వచ్చి పసుపు కార్డులని గుర్తు చేశాడు. తెలుసంది. నాగజ్యోతి వచ్చినప్పుడు పళ్లెం చాపలేదు, వెనక్కి పట్టుకుంది. లీదియా వంగి ఆ పళ్లెంలో పెట్టింది. ఆ పిల్ల థ్యాంక్స్ చెప్పలేదు, నవ్వలేదు. తీసుకుని పోయింది.

ఆ రోజు కృప బడికి రాలేదు. రానని పొద్దున్నే తల్లికి చెప్పింది.

సాయంత్రం లోపల ఆఫీసుకు ఏడెనిమిది ఫోన్లు వచ్చాయి, తమ పిల్లలకు గుడ్డు ఎందుకు ఇవ్వలేదని. ఎబినేజర్ లీదియాను పిలిచాడు. ఈసారి అతని గొంతులో శాంతం లేదు. డబ్బు కట్టినోళ్ల పిల్లల నోటికాడిది తీసి కట్టనోళ్లకు పెట్టే హక్కు నీకెవరిచ్చారని అడిగాడు. లీదియా ఆ మాటకు తలవంచింది, ఎందుకంటే అందులో కొంత నిజం ఉందని ఆమెకు తెలుసు. రేపటినుంచి రావద్దన్నాడు. రానంది. కృప టీసీ ఇవ్వమంది. బాకీ తీర్చాక ఇస్తానన్నాడు.

"తినని మూడు వారాలు కూడా రాసినారా అందులో?" అని అడిగింది. అతను ఫైలు మూసి పక్కన పెట్టాడు.

ఆదివారం చర్చిలో సంగతి అప్పటికే అందరికీ తెలుసు. ఎబినేజర్ ఎప్పటిలాగే ముందు వరుసలో కూర్చున్నాడు. ఆరాధన అయ్యాక పాస్టరుగారు ఇద్దరినీ పిలిచి సమాధానపడమన్నాడు. ఎబినేజర్ చేయి చాపాడు. లీదియా తన మాట ఏమిటో, ఆయన మాట ఏమిటో సంఘం ముందు చెప్పుకుందామంది. పాస్టరుగారికి అది నచ్చలేదు. ఆ సంఘంలో సగం ఇళ్ల పిల్లలు ఆ బడిలోనే చదువుతున్నారు. పెద్దమనిషితో ఎందుకమ్మా అని ఒకామె, నీ భర్తే సంతకం పెడితే సార్ ఏం చేస్తాడని ఇంకొకామె అన్నారు. మంచం మీద కూర్చుని ప్రార్థన చేసిన రోజు పక్కింటి వాళ్లు గుమ్మంలో నిలబడి విన్నారు. లీదియా వాళ్ల వైపు చూసింది. వాళ్లు చెప్పులు వెతుక్కున్నారు.

అక్కడినుంచి ఇంటికి పోకుండా లీదియా పాపయ్య పల్లెకు నడిచింది. పాపయ్య మందతో దిగి వచ్చి నాలుగు రోజులైంది. దొడ్డి ముందు ఒక గొర్రెపిల్ల కాలికి పసుపు పెట్టి గుడ్డ చుడుతున్నాడు. లీదియా వందనాలన్నా అని నిలబడింది. ఆటో ఆనంద్ బాబు భార్యగా అతనికి ఆమె తెలుసు. కూర్చోమన్నాడు. ఆమె నిలబడే జూన్ నెల సోమవారం సంగతంతా చెప్పింది. గరిటె పక్కకు తీయడం, నలుగురిలో అన్న మాట, ఆ తర్వాత వారం వారం పెట్టిన ఉత్త అన్నం, దేన్నీ దాచలేదు.

పాపయ్యకు ఇవేవీ తెలియవు. బాకీ ఉందని తెలుసు. నాగజ్యోతి మాత్రం ఇంట్లో ఒక్క మాట చెప్పలేదు. అతను గుడ్డ ముడి వేయడం ఆపి కూతురి కోసం లోపలికి చూశాడు. ఆ పిల్ల గుమ్మం పక్కన నిలబడి అంతా వింటోంది.

"రెండు పొట్టేళ్లు అమ్మి మొన్ననే కట్టొచ్చినా," అన్నాడు పాపయ్య. "కట్టేటప్పుడు ఆ సార్ నాకు టీ తెప్పిచ్చినాడు. తాగొచ్చినా నేను." గొర్రెపిల్లను దొడ్డిలోకి వదిలాడు. "నువ్వు వచ్చి చెప్పినావు గాబట్టి తెలిసింది. మంచిదే. కానీ ఇప్పుడు నేనేమనాలమ్మా నీతో?"

ఏమీ అనవద్దంది లీదియా. చెప్పడానికే వచ్చానంది. తిరిగి బయల్దేరుతుంటే నాగజ్యోతి నాలుగడుగులు వెంట వచ్చి, కృపక్క ఎప్పుడు వస్తుందని అడిగింది. ఇక రాదని చెప్పాల్సి వచ్చింది.

రాచర్లలో జెడ్పీ హైస్కూలు హెచ్‌ఎం మేడం టీసీ లేకుండానే కృపను చేర్చుకుంది. ఆన్‌లైన్లో పేరు మార్పించడానికి మండల ఆఫీసుకు తనే ఉత్తరం రాసింది. కృప అక్కడ మధ్యాహ్నం అందరితోపాటు తింటోంది. లీదియా మిరప చేలల్లో కూలికి పోతోంది.

తండ్రితో కృప వారం తిరగకముందే మాట్లాడింది. అతను గిద్దలూరు నుంచి కొత్త నోటుపుస్తకాలు తెస్తే తీసుకుంది, అట్టలు వేసిమ్మని అడిగింది. తల్లితో మాత్రం పొడిపొడిగానే ఉంది. అది లీదియాకు మింగుడుపడలేదు. దాచిపెట్టింది భర్త, పస్తులుంది తన కూతురు, పని పోగొట్టుకుంది తను. ఒకరోజు జడ వేస్తూ అడిగేసింది, మీ నాయన మీద నీకు కోపం లేదా అని.

"నాయన భయపడినాడు," అంది కృప. "నువ్వు భయపడలా మా. సార్ చెప్తే మంచిదే అయ్యుంటాదని అనుకున్నావు. నాగజ్యోతిని జరుగు అన్నావు."

లీదియా మిగతా పాయలు అల్లి రిబ్బను కట్టింది.

జనవరిలో ఒక మధ్యాహ్నం ఆనంద్ బాబు ఎప్పుడూ రాని వేళలో ఇంటికి వచ్చాడు. చేతిలో కవరు ఉంది. బాకీ మొత్తం కట్టేశాడు, టీసీ తెచ్చాడు. ఎట్లా కట్టాడని లీదియా అడగలేదు, అతనే చెప్పాడు. ఆటో అమ్మేశాడు. ఎబినేజర్ బడి పిల్లలను ఇప్పుడు ఆ వ్యాను కొన్నతను తీసుకుపోతాడు. తను రేపటినుంచి దోర్నాల వైపు లారీకి క్లీనరుగా పోతున్నాడు. కొన్నాళ్లు ఆ పని చేస్తే డ్రైవరుగా తీసుకుంటామన్నారు.

లీదియా కవరు తెరిచి చూసింది. కూతురి పేరు, పుట్టిన తేదీ, కింద బాకీ లేదన్న మాట, ఎబినేజర్ సంతకం. ఇప్పుడు దానితో పనేమీ లేదు. అయినా పెట్టెలో దాచింది.

"ఇంకెన్ని దినాలు ఇట్ల ఉంటావు నాతో?" అని ఆనంద్ బాబు గుమ్మంలోనే నిలబడి అడిగాడు.

లీదియాకు అబద్ధం చెప్పాలని లేదు.

"ఎబినేజర్ చేసింది తలుచుకుంటే ఒళ్లు మండుతాది. తిట్టుకుంటే తగ్గుతాది. నువ్వు చేసింది తలుచుకుంటే అట్ల కాదు. తిట్టేదానికి నోరు రాదు, మర్చిపోయేదానికి మనసు రాదు. ఎన్ని దినాలో నాకూ తెల్దు."

అతను తల ఊపాడు. చెప్పులు విడిచి లోపలికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పొద్దున్నుంచి ఏమైనా తిన్నావా అని లీదియా అడిగింది. లేదన్నాడు. పళ్లెం తెచ్చి ముందు పెట్టి, అన్నం వడ్డించి, రేపటి కూలి కోసం మేస్త్రీ దగ్గరికి పోవాలని చెప్పి బయటికి వెళ్లింది.